నడినెత్తిన పిలక

ఆక్లండులో ఏ వీధి చూసినా ఇళ్ల ముందు అనాస మొక్కల్లాంటివి కనిపిస్తాయి. చెట్ల కొమ్మల మీద కూడా కట్టి పెంచుతారు. వీటిని బ్రొమీలియాడ్లంటారు. అనాసకి దగ్గర చుట్టాలే. సింహాచలం కొండ మీద అనాసతోటలు చూసినవారికి ఆ పోలిక యిట్టే తెలుస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలోని ఒక్క జాతిని మినహాయిస్తే, ఈ కుటుంబమంతా అమెరికా ఖండాలది. న్యూజీలండు అడవుల్లో చెట్లెక్కి కూర్చునే కహకహ అనే మొక్క అచ్చం ఇలాగే ఆకుల మొదళ్లలో నీళ్లు పట్టుకుంటుంది గాని, దానికీ వీటికీ చుట్టరికం లేదు. ఆ గుబురు బరువెక్కి, కింద పనిచేసే వారి నెత్తిన పడేదట. అందుకే కలప కొట్టేవాళ్లు దానికి 'విడో మేకర్' అని పేరు పెట్టారు.

మౌంట్ ఈడెన్ కొండ వాలున, పాత రాతిక్వారీలో 1964లో మొదలుపెట్టిన ఈడెన్ గార్డెన్ వుంది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే తోట. అక్కడ ఈ మొక్కల్ని చూసి మోజుపడి, వ్రీసియా స్ప్లెండెన్స్ అనేదాన్ని ఒకటి కొని కిటికీ దగ్గర పెట్టాం. ఆకుల మీద నల్లని అడ్డచారలు, మధ్యలో ఎర్రని కత్తిలాంటి పూకంకి. కొన్ని నెలలకి కంకి మాడింది, ఆకులు వడలసాగాయి. మేము వైద్యులం గదా, వేరుకుళ్లని రోగనిర్ణయం చేసి, కుండీతో సహా చెత్తలో పారేశాం.

రెండోది కూడా అలాగే వడలుతుండగా తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడ బ్రొమీలియాడ్ పేరైనా వినలేదు. ఒకసారి చూసి, "గెల వేశాక అరటిచెట్టు వుంటుందా బాబూ? పిలక ఎక్కడుందో చూడండి," అన్నారు. మొదట్లో వెతికాం, లేదు. ఆవిడే కళ్లజోడు సవరించుకుని, ఆకులు విడదీసి చూపించారు. నడినెత్తిన, ఎండిన కంకి కాడ పక్కనే, పచ్చగా వుంది!

తరువాత పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాటే నిజమని తేలింది. ఈ జాతుల్లో చాలావాటికి ఒక్కొక్క గుబురు ఒక్కసారే పూస్తుంది. పూశాక ఏడాదో రెండేళ్లో తల్లి మెల్లగా ఎండుతూ పిల్లని పోషిస్తుంది. సాధారణంగా పిలక మొదట్లోనే వస్తుంది. ఈ వ్రీసియాకి మాత్రం తరచు నడుమ నుంచే లేస్తుంది, వేరుచేయడం కష్టం. రియో దగ్గరి కొండలకు చెందిన అల్కంతారియా ఇంపీరియాలిస్‌ది మరో పద్ధతి. చిన్న వయసులోనే మొదట్లో గడ్డిపరకల్లాంటి పిల్లల్ని పెట్టి, పూయడానికి పదేళ్లో అంతకన్న ఎక్కువో తీసుకుంటుంది. అప్పుడు మనిషెత్తు దాటిన కంకి వేసి పోతుంది. టిలాండ్సియా సెకుండా అయితే పూకాడ మీదనే పిల్లల్ని కంటుంది.

పూయనని మొండికేసిన మొక్కని పండిన యాపిల్‌తో కలిపి సంచిలో కొన్నాళ్లు మూసివుంచితే పూస్తుంది. పండు విడిచే ఇథిలీన్ మహిమ. మనవాళ్లు అరటిగెలల్ని గదిలో పెట్టి పొగవేసేదీ ఆ వాయువు కోసమే.

ఒక్కమాట, వృత్తిరీత్యా. ఆకుల గిన్నెలో నిలిచే నీటిలో దోమలు పెరుగుతాయి. ట్రినిడాడ్‌లో చెట్లమీది బ్రొమీలియాడ్లలో పెరిగిన అనాఫిలిస్ దోమలే మలేరియా వ్యాపింపజేశాయని 1940లలో తేల్చి, మైలుతుత్తం ద్రావణం చల్లారు. ఇక్కడ మలేరియా లేదు గాని, నీళ్లు మార్చడం మంచిది.

అత్తగారు వెళ్లేటప్పుడు, పూర్తిగా ఎండేదాకా తల్లిని కొయ్యవద్దని మరీమరీ చెప్పారు. ఆవిడ గుండె పరిస్థితి చూసి, ఇక ఇంత దూరం ప్రయాణం వద్దని చెప్పింది మేమే. ఆదివారం ఫోన్ చేస్తే మనవల తరువాత దాన్నే అడుగుతారు.

"తల్లి ఎండిందా?"

ఇంకా రెండాకులు పచ్చగానే వున్నాయని చెప్పాం.