సీసాలపై కొలువుదీరిన బొమ్మలు

బెజవాడలో దసరా యనగానే యెల్లరకు ఇంద్రకీలాద్రి స్ఫురించును. గృహిణులకు దానితోపాటు బొమ్మలకొలువును స్ఫురించును. 2024వ సంవత్సరమున మాత్రము ఆ తలంపే నాకు దుఃఖకారణ మయ్యెను.

ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగరు ప్రాంతమును ముంచివైచెను. మైలవరము చుట్టునున్న కొండలలో పుట్టి కొల్లేటఁ గలియు నీ యేటికి బెజవాడ దుఃఖదాయిని యని పేరు. నీరు తీసిన పిదప మేము ఇల్లు చేరి చూడగా, మంచము క్రిందిపెట్టెలో మా అమ్మ యిచ్చిన కొండపల్లి బొమ్మలు రంగులు వెలిసి, చేతు లూడి, బురదలో పడియుండెను. వంటింటి గూటిలోని ఖాళీ ఊరగాయ సీసాలు మాత్రము కడుగగానే తళతళలాడెను.

అక్టోబరు 3వ తేదీన నవరాత్రు లారంభము. క్రొత్తబొమ్మలు కొన సొమ్ము లేదు. "అమ్మా, ఈ యేడు మనకు కొలువు లేదా?" యని చిన్నపిల్ల యడిగినది. నేను మాటాడలేకపోతిని.

ఆదివారమునాడు విరిగిన బొమ్మలను మూటగట్టి, పిల్లలతో బస్సెక్కి కొండపల్లి పోతిని. ఊరు సుమారు 20 కిలోమీటర్లు. కొండమీద రెడ్డిరాజుల నాటి కోట. క్రింద బొమ్మలు చేయువారి యిండ్లు. తెల్లపొణికి కఱ్ఱను సెగకు ఆరబెట్టి, అంగములను వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికింతురు. మా మూట విప్పిచూచిన వృద్ధు డొకఁడు నవ్వి, "కఱ్ఱ చెడలేదమ్మా, నీటికి మక్కు మాత్రమే విడినది" అని అంబారీ యేనుగును, దంపుళ్లు దంచు పడుచును అతికి యిచ్చెను. కొండలలో పొణికి చెట్లు తగ్గిపోయినవని ఆయన విచారము. మిగిలినవానికి ప్రాణము పోలేదు.

రెండు బొమ్మలతో కొలు వెట్లు? అప్పు డా సీసాలు జ్ఞప్తికి వచ్చినవి. సోదరీమణులారా, విధానము మిక్కిలి సులభము. వెడల్పుమూతి సీసాలను వేడినీటిలో నానవేసిన కాగితము ఊడును. మిగిలిన జిగురు కొబ్బరినూనెతో రుద్దినఁ బోవును. తడి లేకుండ ఆరనిచ్చి, పసుపు కలిపిన బియ్యము, పెసలు, మినుములు, కందిపప్పు వరుస వరుసగా పోసితిమి. మూత బిగించిన సీసా బొమ్మకు పీఠమైనది. కొన్నిటిలో తడియిసుకమీద నానిన పెసలు చల్లగా నాలుగైదు దినములకు పచ్చని పైరు లేచినది. నడుమ నొక సీసాలో నీరు పోసి బంతిపూలు తేల్చితిమి. అంచు పగిలిన సీసాలను పిల్లల చేతికీయరాదు. దీపమును పెద్దలే వెలిగింపవలెను.

మూలానక్షత్రమునాడు, కొండపై అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిచ్చు దినమున, పేరంటము పిలిచితిని. వచ్చినవారి యిండ్లును మునిగినవే. సీసాలను చూచి యెవరేమందురోయని నేను జంకితిని. మా చిన్నది మాత్రము ఒక్కొక్క సీసా చూపి, "ఇది ఆవకాయది, ఇది తేనెది, ఇవి వరదలోఁ గూడ పోలేదు" అని గర్వముగా చెప్పుచుండెను. పొరుగింటావిడ ఏనుగు కాలిమీది అతుకును వ్రేలితో తడవి, కన్నులు తుడుచుకొని, తన యింట మిగిలిన యొక కృష్ణుని బొమ్మను తెచ్చి మా సీసాపై నిలిపినది.

మరుసటి యేడు క్రొత్తబొమ్మలు కొంటిమి. అయినను క్రిందిమెట్టు సీసాలదే. అది మా పిల్లల నిర్ణయము; నేను కాదనలేదు.