హిమాయత్‌సాగర్ గట్టున ఇస్తాంబుల్ కబుర్లు

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, కిటికీ పక్క సీటు సంపాదించారనుకోండి... ఆ ప్రయాణమే వేరు. లంగర్‌హౌస్, బండ్లగూడ దాటి, పోలీసు అకాడమీ చౌరస్తా వచ్చేసరికి నగరం సద్దు తగ్గుతుంది. అజీజ్‌నగర్ దగ్గర గాలే మారిపోతుంది. కుడిచేతి వైపు కాస్త దూరంలో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. ఎడమచేతి వైపు హిమాయత్‌సాగర్. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకి అటూ ఇటూ ఊడలు దిగిన మర్రిచెట్లు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లేవాళ్లు మధ్యలోనే దిగిపోతారు. నేను దిగలేదు. మొయినాబాద్ మండలంలోనే ఉన్న సురంగల్‌లో చుట్టాలింట్లో గృహప్రవేశం. అదీ సంగతి.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్న ఓ పెద్దాయనతో మాట కలిసింది. రెండు చెరువుల గురించి చెబుతుంటే అడిగాను, ‘ఈ హిమాయత్ ఎవరు తాతా?’ అని.

‘నిజాం కొడుకట బిడ్డా. భూములు మాయి, నీళ్లు పట్నమోళ్లయి, పేరు ఆయనది’ అని నవ్వేశాడు.

ఆ నవ్వులో చురక ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాలివి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. చెరువు బతికింది. పొలం ధర పక్క మండలంలో ఎక్కడికో పోతుంటే ఇక్కడి రైతు చూస్తూ కూర్చున్నాడు. తాత మాటల్లో చురక అందుకే.

సరే, పేరు సంగతికొద్దాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు హిమాయత్ అలీఖాన్, ఆజం జా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఈయన పెళ్లి కథ వింటే, ఇవాళ పేపర్లో లోపలి పేజీలో వచ్చే ‘టర్కీ-అరబ్బుల మధ్య మళ్లీ సయోధ్య’ లాంటి వార్తలు చటుక్కున మనింటి విషయంలా అనిపిస్తాయి.

అప్పట్లో అరబ్బు దేశాల్లో చాలాభాగం ఇస్తాంబుల్ నుంచి పాలించే ఒట్టోమాన్ తుర్కుల ఏలుబడిలో ఉండేది. సుల్తానే ఖలీఫా కూడా. 1914లో తుర్కులు జర్మనీ పక్షాన యుద్ధంలో దిగితే, ఇక్కడ మన నిజాం ‘ముస్లింలు బ్రిటిష్‌వారి వైపే నిలబడాలి’ అని ప్రకటన చేశాడు. ఊరికే చెప్పి ఊరుకోలేదు, సైన్యాన్నీ పంపాడు. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ అశ్వికదళాలు సినాయ్, పాలస్తీనా ఎడారుల్లో తుర్కులతో పోరాడాయి. ఢిల్లీలో తీన్‌మూర్తి అంటామే, ఆ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ సిపాయిది!

అరబ్బులూ తిరగబడ్డారు. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుసేన్ బ్రిటిష్‌వారి దన్నుతో తుర్కుల మీద జెండా ఎత్తాడు. మదీనాలో మాత్రం ఫఖ్రీ పాషా అనే తుర్కు సేనాని లొంగలేదు. ముట్టడిలో ఉండి, యుద్ధం ముగిశాక కూడా కోటని వదలక, 1919 జనవరిలో గానీ చేతులెత్తలేదు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత తుర్కులే ఖలీఫా పదవి వద్దనుకున్నారు. 1924 మార్చి 3న అంకారా పార్లమెంటు దాన్ని రద్దుచేసింది. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌నీ కుటుంబాన్నీ తెల్లారకముందే ఇల్లు కదిలించి రైలెక్కించారు. ఆయన చక్కటి చిత్రకారుడు కూడా. కూతురు దుర్రు షెహ్వార్‌కి అప్పుడు పదేళ్లు. కొద్దిరోజులకే షరీఫ్ హుసేన్ ‘ఇక ఖలీఫాని నేనే’ అన్నాడు. కానీ తుర్కుల మీద కత్తి దూసినవాణ్ని ఖలీఫాగా ఒప్పుకోవడానికి భారతదేశపు ముస్లింలకు మనసు రాలేదు. అదే ఏడాది అక్టోబరుకి ఇబ్న్ సౌద్ సేనలు మక్కా పట్టుకున్నాయి, హుసేన్ గద్దె దిగాడు.

దిక్కులేక ఫ్రాన్సులోని నీస్ నగరానికి చేరిన ఖలీఫాకి నెలకి 300 పౌండ్ల పింఛను పంపింది ఎవరనుకున్నారు? మన నిజామే! పదేళ్ల కిందట ఆ వంశం మీదికి దండు పంపిన చేత్తోనే. రాజుల లెక్కలు మనకి అంతుపట్టవు.

షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో 1931 నవంబరు 12న నీస్‌లో రెండు పెళ్లిళ్లు జరిగాయి. పదిహేడేళ్ల దుర్రు షెహ్వార్‌కి ఆజం జాతో, ఆమెకి చుట్టమైన నీలోఫర్‌తో రెండో కొడుకు మొజంజాకి. మొజంజాహీ మార్కెట్, నీలోఫర్ ఆస్పత్రి... ఆ పేర్లన్నీ ఈ ఇంటివే. పురానీ హవేలీలో దుర్రు షెహ్వార్ పేరుతోనూ పిల్లల ఆస్పత్రి ఉంది.

విచిత్రమేమంటే, తుర్కు కోడళ్లు వచ్చేనాటికే హైదరాబాదులో అరబ్బులు తరాలుగా ఉన్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకి సిపాయిలుగా వచ్చినవాళ్లు. మనం చావుష్‌లంటాం. వాళ్ల బారక్‌లే బర్కస్ అయింది. జాంపళ్లకి, హరీస్‌కి పేరుపడ్డ బర్కస్ అదే. ఇక్కడ జమేదారుగా గడించిన సొమ్ముతోనే అల్ కుఐతీ వంశం అరబ్బు గడ్డ మీద రాజ్యం స్థాపించింది. ముకల్లా రేవుని 1881లో చేజిక్కించుకుంది. ఆ రాజ్యం 1967 దాకా నడిచింది. అక్కడ తుర్కులూ అరబ్బులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో, ఇక్కడ ఒకే దర్బారులో ఇద్దరూ ఇమిడిపోయారన్నమాట.

దుర్రు షెహ్వార్ కథలో మనసుని మెలిపెట్టే ఘట్టం తర్వాత వచ్చింది. 1944 ఆగస్టులో తండ్రి పారిస్‌లో కన్నుమూశాడు. పుట్టిన గడ్డలో పూడ్చనివ్వమని ఆమె టర్కీ ప్రభుత్వాన్ని వేడుకుంది. కాదన్నారు. భౌతికకాయం పారిస్ మసీదులోనే ఉండిపోయింది. నెల కాదు, ఏడాది కాదు, పదేళ్లు! చివరికి 1954లో మదీనాలో ఖననం చేశారు. తుర్కుల ఆఖరి ఖలీఫాని తుర్కులు రావద్దంటే, తుర్కుల మీద తిరగబడ్డ అరబ్బు నేల చోటిచ్చింది. 2006లో లండన్‌లో మరణించిన ఆమె తనని టర్కీలో ఖననం చేయొద్దని చెప్పిందంటారు. ఆమె అక్కడే, లండన్ దగ్గర్లోనే, మట్టిలో కలిసింది.

అయిపోయిన కథే కదా అనుకుంటాం. కానీ 2017 డిసెంబరులో ఎమిరేట్స్ విదేశాంగ మంత్రి, ఫఖ్రీ పాషా మదీనాని దోచాడన్న ఓ ట్వీటుని తానూ పంచుకున్నాడు. టర్కీ అధ్యక్షుడు ఎర్డొగాన్ భగ్గుమన్నాడు. వెంటనే అంకారాలో ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ఉన్న వీధికి ఫఖ్రీ పాషా పేరు పెట్టేశారు. చెరువుకి కొడుకు పేరు పెట్టిన నిజాం ఎంతో నయం! అదే ఏడాది జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌ని వెలివేస్తే, టర్కీ సైనికుల్నీ సరకుల్నీ పంపింది. సౌదీ పాలు ఆగిపోయి దుకాణాల్లోకి టర్కీ పాలు వచ్చాయి. దోహాలో పనిచేసుకునే మనవాళ్ల టీలోకీ ఆ పాలే వచ్చి ఉంటాయి. 2021 జనవరిలో వెలి ఎత్తేశారు. ఆ నవంబరులో అబుదాబి యువరాజు అంకారా వెళ్లాడు. మరుసటి ఫిబ్రవరిలో ఎర్డొగాన్ అబుదాబి వెళ్లాడు. సిరియాతోనూ అంతే. 2009లో వీసాలే వద్దనుకున్న రెండు దేశాలు 2011 తర్వాత బద్ధశత్రువులయ్యాయి. 2024 డిసెంబరులో అసద్ పారిపోయాక మళ్లీ చేయీచేయీ కలిపాయి.

దుర్రు షెహ్వార్ పెద్దకొడుకు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. తాతకి దక్కని నేలలో మనవడు ఆఖరి శ్వాస విడిచాడు. భౌతికకాయాన్ని మాత్రం విమానంలో హైదరాబాద్ తీసుకొచ్చారు. చౌమహల్లా ప్యాలెస్‌లో జనం చివరిచూపు చూశాక, మక్కా మసీదులో పూర్వీకుల సరసన ఖననం చేశారు.

ఇదంతా చెబుతుంటే సురంగల్ తాత చుట్ట ఆర్పేసి విన్నాడు. రాజులు, యుద్ధాలు ఆయనకి పట్టలేదు. ఒక్క దగ్గరే ఆపాడు.

‘పదేండ్లు మట్టి జేయనియ్యలేదా?’

లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఆ పిల్ల ఎట్ల తట్టుకుందో’ అన్నాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో హిమాయత్‌సాగర్ మీద ఎండ పడి మెరుస్తోంది. పక్కసీటాయన ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు, వానలు గట్టిగా పడితే చెరువు 1763.50 అడుగులకి చేరుతుందట, గేట్లెత్తుతారట.