తాత కర్రకు రెండు కళ్లు

కోట వీధులు ఆయనకు కొట్టిన పిండి. నీటికాసులతో చూపు మసకబారినా, చేతికర్ర సాయంతో రోజూ టీ అంగడిదాకా వెళ్లొచ్చేవాడు. గుంట, మెట్టు, రాయి... కిందున్నవన్నీ కర్ర చెప్పేది. పైనున్నవి చెప్పదుగా! ఓరోజు వీధిలోకి తెరిచున్న కిటికీ రెక్క నుదుటికి కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. 'ఇక గడప దాటొద్దు' అన్నారు ఇంట్లోవాళ్లు. ఆయన ఎదురు చెప్పలేదు. అసలు మాట్లాడటమే తగ్గించేశాడు.

పదో తరగతి చదివే మనవడికి మనసొప్పలేదు. ఆర్డుయినో బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్ తెప్పించాడు. ఎలక్ట్రానిక్స్ రానివాళ్లూ నేర్చుకోవాలని 2005లో ఇటలీలోని ఇవ్రియాలో తయారుచేసిన బోర్డు అది. ఇక సెన్సర్‌కు రెండు కళ్లున్నట్టే ఉంటుంది. నిజానికి వాటిలో ఒకటి నోరు, రెండోది చెవి. నోరు వదిలే శబ్దం సెకనుకు 40 వేలసార్లు కంపిస్తుంది. 20 వేలు దాటితే మన చెవికి వినపడదు. ఆ శబ్దం ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొస్తే, పట్టిన సమయాన్నిబట్టి బోర్డు దూరం లెక్కకడుతుంది. గబ్బిలాలు చీకట్లో ఎగిరేదీ ఇలాగే.

మొదటిరోజు మీటరు దూరంలోని గోడను రెండు మీటర్లుగా చూపించింది. కుర్రాడు తల పట్టుకున్నాడు. సంగతి విని తాత చాన్నాళ్లకు నవ్వాడు.

'గూడూరు ఎంత దూరమంటే పోనూ రానూ కలిపి చెప్తామా అబ్బయ్యా?'

సగం చేయగానే లెక్క కుదిరింది.

సెన్సర్‌ను ఛాతీ ఎత్తుకు చూసేలా కర్రకు బిగించాడు. మీటరులోపు ఏదొచ్చినా బజర్ మోగాలి. గోడ దగ్గర మోగింది. తలుపు దగ్గర మోగింది. దండెం మీది చీర దగ్గర మోగలేదు! తాత నేరుగా వెళ్లి చీరలో చిక్కుకున్నాడు. మెత్తటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది మరి. ఓరగా తెరిచిన కిటికీ రెక్కా అంతే. దానికి తగిలిన శబ్దం పక్కకు మళ్లిపోతుంది, వెనక్కి రాదు. తాతకు దెబ్బ తగిలింది సరిగ్గా అలాంటి రెక్కకే.

దాచేద్దామా అనిపించింది కుర్రాడికి. దాస్తే ఈసారి కుట్లు తన వల్లే పడతాయి. రాత్రి అన్నం దగ్గర చెప్పేశాడు. తాత తాపీగా విన్నాడు.

'కర్రకు మాత్రం అన్నీ తెలుసునా? ఏది తెలీదో చెప్పావు. అది చాలు.'

ఐఐటీ ఢిల్లీ వాళ్లు రూపొందించగా 2014లో వచ్చిన స్మార్ట్‌కేన్‌దీ ఇదే దారి. మోకాలి నుంచి తలదాకా ఉన్న అడ్డంకుల్ని సెన్సర్ చెబుతుంది. నేల సంగతి మాత్రం కర్ర చూసుకోవాల్సిందే.

మర్నాడు తాత టీ అంగడికి బయల్దేరాడు. పది అడుగుల వెనక మనవడు. ఆ కిటికీ రెక్క మూసే ఉంది. పొద్దున్నే వెళ్లి, ఆ ఇంటివాళ్లకు చెప్పొచ్చింది మనవడే.