దాచిన తిరస్కారము

2025 నవంబరులో శామీరుపేటలో మా అన్నగారి చితికి నిప్పు పెట్టినవారము మేము. ఆయనకు కుమారుడు లేక కాదు. కుమారుడు కలడు, అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్నాడు. అతడు రాలేదు. రావలదని చెప్పినవారమును మేమే. "అంత చదివించిన కొడుకు తలకొరివికి రాకపాయె" అని ఊరివారు చాటున అనుకొనిన మాట మా చెవిని బడకపోలేదు. దానికి సమాధానము చెప్పవలసిన భారము మామీద నున్నది. ఆ సమాధానములో మా తప్పును కలదు గనుక, దాచక చదువరులకు విన్నవించుచున్నాము.

మా ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుగన్నది. నగరము పెరిగి మీదికి వచ్చిన కొలదిని తోటలు ప్లాట్లయినవి. మేడ్చలు మీదుగా నాగపూరునకు బోవు రోడ్డునకును, శామీరుపేట మీదుగా కరీంనగరమునకు బోవు రోడ్డునకును ఇరుప్రక్కల కళాశాలలు వెలసినవి. ఆ కళాశాలలలో చదివిన పిల్లలకు అమెరికా ప్రయాణము చదువులో చివరి తరగతివలె నైపోయినది. కొడుకు అమెరికాలో నున్నాడనుట ఇంటికొక బిరుదు. వీసా రాలేదనుట ఇంటికొక మచ్చ. ఈ రెండవ భావమే మా ఇంట నింత పని చేసినది.

2017లో మా అన్నకుమారుడు విద్యార్థి వీసా కోరెను. వెంట బోయినవారము మేము. లోనికి బోయిన పిల్లవాడు కొంతసేపటికి ఒక చీటి పట్టుకొని వెలుపలికి వచ్చెను. అమెరికా వలస చట్టములో 214(బి) అను సెక్షను కలదు. విద్యార్థి వీసా కోరు వానిని అక్కడనే స్థిరపడ నెంచినవానిగా అధికారి ముందే భావింపవలెను. కాదని ఋజువు చేసికొను భారము కోరినవానిదే. ఆ భారమును మావాడు నాడు మోయజాలకపోయెను. రెండు నెలలకు మరల పోయెను. మరల అదే చీటి. అప్పటికే అన్నగారు రెండెకరముల భూమి కుదువబెట్టి, కొడుకు ప్రయాణమును నలుగురికి చెప్పుకొని యుండిరి. ఆయన ముఖము చూచి నిజము చెప్ప నోరాడక, మొదటిసారి "కాగితము తక్కువైనది" అనియు, రెండవసారి "తేదీ మార్చినారు" అనియు చెప్పితిమి. పిల్లవాడును తల యూపెను. 2018లో మూడవసారి వీసా వచ్చెను. అబద్ధము అంతటితో సమసిపోయినదని తలచితిమి.

ఇచ్చట వీసా సంగతి కొంత విప్పి చెప్పవలసియున్నది. అక్కడి ఉద్యోగికి రెండు అనుమతులు వేరువేరుగా నుండును. దేశములో నుండి పనిచేయుటకు ఒకటి. సంస్థ పెట్టిన అర్జీమీద వలస శాఖ దాని నిచ్చును. సరిహద్దు వాకిట చూపుటకు పాసుపోర్టులో నంటించు వీసా ముద్ర రెండవది. దానిని విదేశములలోని కాన్సులేటులిచ్చును. ఏటా 65,000 మందికిని, అక్కడ పైపట్టము పొందినవారికి మరి 20,000 మందికిని పరిమితమైన హెచ్-1బి అనుమతి మావానికి 2022లో లాటరీలో తగిలెను. అక్కడ నుండగనే విద్యార్థి స్థితి ఉద్యోగి స్థితిగా మారెను గాని, పాసుపోర్టులో నున్నది పాత విద్యార్థి వీసాయే. అదియు 2023లో గడువు తీరెను. ఇంటిలో నున్నంతకాలము తాళపుచెవి లేకున్నను బాధలేదు. ఒక్కసారి గడప దాటిన తలుపు మూతపడును. మావాని స్థితి సరిగా నట్టిది. మరల లోనికి బోవలెనన్న మరల ఒక అధికారి యెదుట నిలువవలెను. ఆ అధికారి యెదుట పాత రెండు తిరస్కారములును తెరచియుండును.

2025 సెప్టెంబరులో ఈ వాకిలి మరింత ఇరుకాయెను. అంతకుముందు కొందరికి ఇంటర్వ్యూ లేకయే వీసా పునరుద్ధరించుచుండిరి. ఆ సౌకర్యము చాలవరకు తీసివేయబడెను. తమ పౌరసత్వము గల దేశమునందో, తాము నివసించు దేశమునందో వీసాకు దరఖాస్తు పెట్టుకొనవలెనను ఉత్తర్వు వెలువడెను. సెప్టెంబరు 19వ తేది ప్రకటనచే, విదేశమున నున్నవానికై సంస్థ కొత్తగా పెట్టు హెచ్-1బి అర్జీకి లక్ష డాలర్ల రుసుము విధింపబడెను. పాత అనుమతి గలవానికి ఈ రుసుము లేదు. కాని ఇంటికి వచ్చి చిక్కుపడి ఆ ఉద్యోగము పోగొట్టుకొన్నవానికి, లక్ష డాలర్లు చెల్లించి కొత్త ఉద్యోగమిచ్చు వాడెవడు?

అన్నగారు మంచము పట్టినది ఈ దినములలోనే. కార్తికమాసమున ఆయన మమ్ము దగ్గరకు పిలిచి, "అందరి కొడుకులు వచ్చిపోతలేరా? నా కొడుకుకే ఏమడ్డమొచ్చింది?" అని యడిగిరి. అడ్డమేమో మాకు తెలియును. చెప్పవలెనన్న, ఎనిమిదేండ్ల నాటి అబద్ధమును మొదట విప్పవలెను. మేము విప్పలేదు. "పని ఒత్తిడి" అంటిమి. ఆయన గోడవైపునకు తిరిగి పడుకొనిరి. కొడుకు తనకంటె కొలువే యెక్కువ యనుకొన్నాడను తలంపుతోనే మా అన్నగారు కన్నుమూసిరి. పిల్లవానిని రావలదన్నందులకు మేము చింతింపము. ఎందుకు రాలేడో తండ్రికి చెప్పకపోయినందులకు చింతించుచున్నాము.

మరి వచ్చినవాని గతి యేమి? మేడ్చలులో మా మిత్రుని కుమారుడు డిసెంబరులో చెల్లెలి పెండ్లికి వచ్చెను. వానికిని లోగడ ఒక తిరస్కారము కలదు. దరఖాస్తు నింపిపెట్టుటకు కుదుర్చుకొనిన మనిషి, "ఎప్పుడైన వీసా నిరాకరింపబడెనా?" అను ప్రశ్నకు లేదని వ్రాయుమనెను. పాతసంగతి గదాయని మేమును ఊకొట్టితిమి. మా అలవాటు అట్టిది. ఆ పిల్లవాడు నవ్వి, "చిన్నాయనా, నా వేలిముద్రలు వాళ్ల దగ్గరనే ఉన్నయి. లేదని రాస్తే వాళ్లకు తెల్వదా?" అనెను. మేము సిగ్గుపడితిమి. వాడు ఉన్నదనియే వ్రాసెను.

ఆ నెల 15వ తేదినుండి హెచ్-1బి కోరువారి అంతర్జాల వ్యవహారములనుగూడ పరిశీలింపవలెనను నియమము వచ్చి, భారతదేశమున అనేకుల ఇంటర్వ్యూలు 2026 మార్చికిని, ఆ తరువాతికిని జరుపబడెను. వాని తేదీయు అట్లే జరిగెను. భార్యయు, ఏడాది నిండని బిడ్డయు డాలసులో, వాడు మేడ్చలులో. జీతములేని సెలవు. ఆ బిడ్డ తొలియడుగులు వేయుట వాడు ఫోనులో చూచెను. తుదకు వీసా వచ్చెను. పాత తిరస్కారమును గురించి అధికారి ఒక్క ప్రశ్న వేసి, సమాధానము విని విడిచెనట.

విడుచుటలో వింతలేదు. స్థిరపడ నెంచినాడను ఆ ముందుభావన హెచ్-1బి కోరువానికి వర్తింపదని 1990 నాటి చట్టమే చెప్పుచున్నది. కావున విద్యార్థిదశలోని తిరస్కారము ఉద్యోగికి తనంతట తాను ప్రతిబంధకము కాదు. ప్రతిబంధకము వేరొకటి కలదు: ముఖ్యవిషయమున అబద్ధమాడి వీసా కోరినట్లు తేలినచో ఆ దేశప్రవేశమునకు శాశ్వతముగా అనర్హత కలుగును. తిరస్కారము మానెడి పుండు. దాచిన తిరస్కారము లోన కుళ్లెడి పుండు. నిజము చెప్పినను ఆలస్యమను అపాయము తప్పదు. 221(జి) అను సెక్షను క్రింద కాగితము లడిగి, విచారణకై నిలిపినచో, ఇన్నిదినములలో ముగించెదమని వారు మాట యియ్యరు. కావున ప్రయాణము తలపెట్టినవాడు ముద్ర గడువును, అనుమతిపత్రము గడువును, సంస్థ ఎంతకాలము వేచియుండునో దానిని, పూర్వపు దరఖాస్తులలో తాను చెప్పినదానిని ముందు చూచుకొనవలెను. కెనడాకు ముప్పది దినములలోపు పోయివచ్చువారికి తీరిన ముద్రతోనే తిరిగి ప్రవేశించు వెసులుబాటు కలదని నమ్మి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టి కాదనిపించుకొన్నచో ఆ వెసులుబాటును పోవును.

ఇవి పిల్లలు తెలిసికొనవలసినవి. పెద్దలు తెలిసికొనవలసినది మరొకటి కలదు. పెండ్లికి రమ్మనియు, గృహప్రవేశమునకు రమ్మనియు మనము పిలుచునప్పుడు, ఆ పిలుపునకు పిల్లవాడు చెల్లింపవలసిన వెల యెంతో అడిగి తెలిసికొనుచున్నామా? అడిగిన వాడు చెప్పగల స్థితి యింటిలో నుంచినామా? వీసా రాలేదన్న వానిని పరీక్ష తప్పినవానివలె చూచు ఇంటిలో ఏ బిడ్డయు నిజము చెప్పడు.

దినములు ముగిసిన పిదప మా వదినెగారికి అంతయు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఆయనకు చెప్తే రెండు దినాలు కోపం చేసేటోడు. అంతే గద, మరిదీ" అనెను.

ఆ రెండు దినముల కోపమునకు భయపడి మేము ఎనిమిదేండ్లు అబద్ధమును మోసితిమి. చదువరులలో ఎవరి ఇంటనైన అట్టి చీటి యొకటి పెట్టె యడుగున దాగియుండినచో, ఈ రాత్రియే వెలికి తీసి ఇంటివారికి చూపుడని మా ప్రార్థన.