సీసా వెనక చిన్న అక్షరాలు

బాలింతను చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మా వెలుగోడులో ఇప్పుడు రవికె గుడ్డ, పండ్లతో పాటు ఒక అట్టపెట్టె కూడా పట్టుకెళ్తున్నారు. అందులో పాపాయి సబ్బు, నూనె, పౌడరు, షాంపూ, లోషను ఉంటాయి. ఆ మధ్య ఊరెళ్ళినప్పుడు, మా వీధిలో ఒకమ్మాయి ఏడాదిన్నర కూతుర్ని చంకనేసుకుని అలాంటి లోషను సీసా తెచ్చింది. "అక్కా, దీంట్లో క్యాన్సరొచ్చే మందు కలిపినారంట, ఫోన్లో వచ్చింది. నేను అప్పుడే చెప్తి, నలుగుపిండి రుద్దుకోమని అంటాంది మా అత్త. నువ్వు పెద్ద సదువు సదివినావు గదా, సూసి చెప్పు" అంది.

నా చదువు సాహిత్యం. అయినా సీసా మీదిది కూడా ఒక రచనే కదా అని చదవడం మొదలుపెట్టాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో తల్లిప్రేమ, మృదుత్వం, స్వచ్ఛత. వెనకవైపు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఫినాక్సీఇథనాల్, సోడియం బెంజోయేట్, మిథైల్‌పారాబెన్. ముందువైపు తల్లితో మాట్లాడుతోంది. వెనకవైపు ఎవరితో మాట్లాడుతోంది?

ఈ పేర్లన్నీ ప్రిజర్వేటివులవి, అంటే చెడిపోకుండా కలిపే మందులవి. వాటి అవసరం ఊరగాయ పెట్టిన ఏ ఆడమనిషికైనా అర్థమవుతుంది. తడి చెయ్యి తగిలితే జాడీ అంతా బూజు. లోషనులో ఎక్కువ భాగం నీళ్ళే. రోజూ వేళ్ళు తగిలే సీసాలో నీళ్ళుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. 2014లో అమెరికాలో ఒక కంపెనీ తను తయారుచేసిన పసిపిల్లల తడి తుడుపుగుడ్డల్లో హానికర బ్యాక్టీరియా కనబడి వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కాబట్టి 'ప్రిజర్వేటివులు లేనిది' అని రాసినంత మాత్రాన అది క్షేమమని కాదు. ఆముదంలో, నలుగుపిండిలో నీళ్ళు లేవు గనక వాటికి ఈ మందుల అవసరం లేదు. రహస్యం ఇంతే.

అలాగని భయమంతా వట్టిదీ కాదు. బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ళ కంటే ఏడాది బిడ్డకి చర్మం వైశాల్యం సుమారు 1.6 రెట్లు ఎక్కువ. తడిసిన డైపరు కింద ఒరుసుకుపోయిన చర్మం పూసినదాన్ని మరింత పీల్చుకుంటుంది. అందుకే 2011లో డెన్మార్క్, మూడేళ్ళలోపు పిల్లల వస్తువుల్లో ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్‌లను నిషేధించింది. 2014లో యూరోపియన్ యూనియన్, ఆ వయసు పిల్లల డైపరు భాగంలో పూసి వదిలేసే క్రీముల్లో వాటిని వద్దంది. మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే మందు వల్ల తుడుపుగుడ్డలు వాడిన పిల్లలకు దద్దుర్లు వచ్చాయని 2014లో అమెరికా వైద్యులు రాశారు. పూసి కడగకుండా వదిలేసే వాటిలో దాన్ని కూడా యూరప్ తర్వాత నిషేధించింది. ఫినాక్సీఇథనాల్ విషయంలో ఫ్రాన్స్ ఔషధ సంస్థ 2012లో జాగ్రత్త చెప్పింది. 1 శాతం వరకూ పిల్లలకూ క్షేమమేనని యూరప్ శాస్త్రీయ కమిటీ 2016లో తేల్చింది. నిపుణుల మధ్యే ఇంత వాదన ఉంటే, తీర్పు చెప్పాల్సింది పదో తరగతితో చదువాపేసిన ఆ తల్లా?

ఆమె ఫోన్లోకొచ్చిన 'క్యాన్సర్ మందు' వెనక కూడా ఒక చరిత్ర ఉంది. 2019 మార్చిలో రాజస్థాన్ ఔషధ నియంత్రణ అధికారులు జాన్సన్ అండ్ జాన్సన్ బేబీ షాంపూ రెండు బ్యాచీల్లో ఫార్మాల్డిహైడ్ ఉందన్నారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. అది ముఖ్యంగా పీల్చే గాలి ద్వారా వచ్చే ప్రమాదం. చర్మానికైతే ఎలర్జీ తెస్తుంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాలను నమూనాలు పరీక్షించమంది. ఆ షాంపూలో అది కలపడం లేదని కంపెనీ వాదించింది. కేంద్ర ప్రయోగశాల పరీక్షలో లేదని తేలిందని తర్వాత ప్రకటించింది. మొదటి వార్త ఇల్లిల్లూ తిరిగింది, రెండోది అంతగా తిరగలేదు.

అంతకుముందు కథ ఇంకా ముఖ్యం. కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే క్వాటర్నియం-15 అనే మందు ఒకప్పుడు ఇదే కంపెనీ బేబీ షాంపూలో ఉండేది. అమెరికా, కెనడా, చైనాల్లో అమ్మే సీసాల్లో అది ఉందనీ, బ్రిటన్, స్వీడన్, జపాన్‌లలో అమ్మే వాటిలో లేదనీ 2011 నవంబరులో క్యాంపెయిన్ ఫర్ సేఫ్ కాస్మెటిక్స్ అనే అమెరికా సంఘాల కూటమి బయటపెట్టింది. వేరే రకంగా తయారుచేయడం కంపెనీకి చేతకాక కాదు. ఒత్తిడి పెరిగాక, 2014 మొదటికల్లా పసిపిల్లల వస్తువుల నుంచి అలాంటి మందుల్ని తీసేసింది. దాన్ని మార్చింది దుకాణంలో నిలబడి కళ్ళు చికిలించి చదివిన ఒంటరి తల్లి కాదు. కలిసి అడిగిన సంఘాలు.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. బిడ్డకు దద్దురొస్తే మొదట అడిగే ప్రశ్న "ఏం పూసినావు?" అని, అదీ తల్లినే. తండ్రి ఆ సీసా తెచ్చినా సరే. 1 శాతం లోపున్న పదార్థాలను ఏ వరసలోనైనా రాయొచ్చని నిబంధనలే అంటున్నాయి. ప్రిజర్వేటివులు చాలావరకు ఆ లోపే ఉంటాయి గనక, ఎంత చదువుకున్న తల్లికైనా చీటీ చూసి మోతాదు తెలియదు. ఆ భయాన్నే పెట్టుబడిగా మార్చి 'సహజం', 'కెమికల్స్ లేనిది' అంటూ ఎక్కువ ధరకు ఇంకో సీసా అమ్ముతారు. అపరాధ భావానికి ఇంత మంచి మార్కెట్ ఇంకోటి లేదు.

అత్తగారి నలుగుపిండి మాటనూ ఊరికే కొట్టిపారేయలేను, నెత్తిన పెట్టుకోనూ లేను. పెసలు, కచ్చూరాలు ఎండబెట్టి, విసిరి, జల్లించింది మా జేజిలాంటి వాళ్ళు. ఆ చాకిరీకి లెక్క లేదు. తెలుగుగంగ నీళ్ళ కింద నాట్లకు పోయి పొద్దుగూకి ఇల్లు చేరే ఆడమనిషిని అదీ చెయ్యమనడం న్యాయం కాదు. పైగా పాతదంతా మేలూ కాదు. బజార్లో దొరికే కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, పిల్లల మెదడుకు అది నిజమైన విషం.

ఆ అమ్మాయికి చెప్పగలిగింది చెప్పాను. ఒరుసుకుపోయినచోట పూయొద్దు, దద్దురొస్తే ఆపి డాక్టరుకు చూపించు, బిడ్డకు రోజూ అయిదు రకాలు అవసరం లేదు, సీసా తేదీ చూడు. నలుగుపిండి వాడకపోవడం తప్పు కాదని కూడా చెప్పాను. కానీ ఇవన్నీ మళ్ళీ ఆమె నెత్తిన పెట్టిన పనులే. మూడేళ్ళలోపు పిల్లల కోసం విడిగా కఠినమైన పరిమితులు, తెలుగులో చదవగలిగే చీటీ, నంద్యాల జిల్లా మందుల షాపుల్లో కూడా నమూనాలు తీసి ఫలితాలు జనానికి చెప్పే అధికారులు కావాలి. ఇవి అడగడం పిల్లల పెంపకం విషయం కాదు, రాజకీయం. తల్లిప్రేమను సీసా ముందువైపు అచ్చేసుకున్నవాళ్ళు, వెనకవైపుకి కూడా జవాబుదారీ కావాలి.