నర్సంపేట దారిలో గాంధీగారు

నర్సంపేట నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. "అన్నకు నువ్వన్నా చెప్పు బిడ్డా! మిర్చి అమ్మిన పైసలు ఇంటికి వస్తలేవు" అన్నది. అవి ఎక్కడికి పోతున్నవో నాకు తెలియనిది కాదు. వాళ్ళ వాడ చివర బెల్టుషాపు వెలిసి రెండేళ్ళయింది.

వరంగల్లులో బస్సెక్కాను గాని, యేమి చెప్పాలో తోచలేదు. తాగేవాడికి నీతులు చెప్పడమంత దండుగ పని మరొకటి లేదు గదా! గాంధీగారు 1941లో రాసిన నిర్మాణ కార్యక్రమం గుర్తుకు వచ్చింది. అందులో మతసామరస్యం, అస్పృశ్యతా నివారణల వెంటనే మూడవ అంశం మద్యపాన నిషేధం. ఖద్దరు కూడా దాని తరువాతనే!

ఆ దారిలోనే, గీసుకొండ మండలంలో, గంగదేవిపల్లి ఉన్నది. ఊళ్ళో సారా ఉండగూడదని 1982లో ఊరివారే కట్టుబాటు చేసుకున్నారు. ఆ తరువాత నీళ్ళకొకటి, చదువుకొకటి, పారిశుధ్యానికొకటి చొప్పున సంఘాలు పెట్టుకున్నారు. 2007లో ఆ ఊరికి నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. నర్సంపేట దాకా పోవలసిన టిక్కెట్టు చేతిలో ఉండగానే అక్కడ దిగిపోయాను.

చెట్టుకింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పోలీసులు లేకుండా ఎట్లా ఆపగలిగారని అడిగాను.

"సర్కారు చేసింది సర్కారే తీసేస్తది. మేం చేసుకున్నది మేమే తీసుకోవాలె. మేం తీసుకోలే" అన్నాడాయన.

ఆ మాట నిజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లోనే ఆ నిషేధాన్ని సడలించారు. పల్లె ఇచ్చుకున్న మాట మాత్రం చట్టం కంటే ఎక్కువకాలం నిలిచింది.

నర్సంపేట చేరేసరికి ఎండ తిరిగింది. ఊరంతా మిర్చి ఘాటు. ఈ ఊరికి దాపునే పాకాల చెరువుంది. కాకతి గణపతిదేవుని కాలంలో పోసిన ఆ కట్ట ఇప్పటికీ నీళ్ళను ఆపుతున్నది. కట్ట పోసి ఊరుకుంటే చాలదు, తరతరాలూ కాపు కాయాలి. ఊరి కట్టుబాటూ అంతే కాబోలు!

అన్న వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నాడు. నీతులేవీ చెప్పలేదు. దారిలో చూచింది, విన్నది చెప్పాను, అంతే. అన్న తల ఎత్తలేదు. పెద్దమ్మే అందుకున్నది.

"రేపు వాడ ఆడోళ్ళం పోయి ఆ షాపు ముందట కూసుంటం. తిట్టం, కొట్టం. లేవం కూడా."

అప్పుడు నోరు విప్పాడు అన్న. "ఆయనకు నేను బాకీ ఉన్ననే, అమ్మా!"

ఇన్నాళ్ళూ ఆ ఇంటి నోరు నొక్కింది ఈ బాకీయేనన్నమాట! పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు ఒక్కొక్కటే చాప మీద పరిచింది.

"ముందుగాల బాకీ కడదాం. గప్పుడే ఆయన ముందట కూసునే ముఖం ఉంటది. నువ్వూ రావాలె, కొడుకా!"

అన్న లేచి లోపలికి పోయాడు. చొక్కాజేబులోని డబ్బు తెచ్చి, ఆ నోట్ల పక్కనే పెట్టాడు.

సాయంత్రం బస్సుకు తిరిగి పోవలసినవాణ్ణి, ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాను.