ఇంట్లో ఒకటే కంప్యూటర్, అందరికీ ఒకటే పాటల పెట్టె



ఈసారి కంప్యూటర్‌లో పాటల సంగతి రాస్తున్నాము. ఇదేమి పెద్ద విషయం అని కొందరు అనుకోవచ్చు. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

మనలో చాలామంది తమిళ మీడియంలో చదివినవాళ్లమే. మాకు తెలుగు అక్షరాలు వచ్చింది చాలా ఆలస్యంగా. అంతకుముందు మా తెలుగంతా చెవిలో పడిందే. అమ్మ పాడే మంగళహారతులు, పెళ్లిళ్లలో ఆడవాళ్ల పాటలు, ఘంటసాల గారి భగవద్గీత, మదురైలో పుట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో అన్నమయ్య కీర్తనలు. కావేరి ఒడ్డున తిరువైయారులో ఉండి త్యాగరాజస్వామి కీర్తనలు కట్టింది తెలుగులోనే కదా. బడి ఇవ్వని భాషను మనకు పాట ఇచ్చింది. అందుకే పాట ఎక్కడ ఉంది, ఎవరి చేతికి అందుతుంది అనేది మనకు ముఖ్యం.

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే. దాంట్లో నాలుగు అకౌంట్లు: మా ఇద్దరికీ కలిపి ఒకటి, కొడుకుది ఒకటి, కోడలిది ఒకటి, మనవరాలిది ఒకటి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. విండోస్ ప్రతి అకౌంట్‌కూ ఒక మ్యూజిక్ ఫోల్డర్ విడిగా ఇస్తుంది. ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి మామూలుగా తెరుచుకోదు. లెక్కలకు, ఉత్తరాలకు అది మంచిదే. పాటలకు అదే చిక్కు అయింది. ఒకే పాట మూడు చోట్ల ఉంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ పడుతుంది. అయిదు నిమిషాల పాటకు 5 ఎంబీ, మూడు కాపీలకు 15. చోటు పోతే పోనీ, అసలు బాధ అది కాదు.

మా అమ్మ పాటలు ఒక క్యాసెట్‌లో ఉండేవి. మా కొడుకు టేప్ రికార్డర్‌కు వైరు తగిలించి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించినాడు. మంచి పని. అవి అతని అకౌంట్‌లో ఉండిపోయినాయి. తర్వాత ఉద్యోగం మీద అతను వేరే ఊరికి పోయినాడు. అమ్మ తద్దినం నాడు మా అక్క వచ్చి, "ఒకసారి అమ్మ హారతి పాట పెట్టరా" అన్నది. పాట అదే గదిలో, అదే పెట్టెలో ఉంది. పాస్‌వర్డ్ లేదు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. అక్క సాయంత్రం బస్సుకు పోవాలి, పోయింది. ఎవరినీ తప్పు పట్టే పని లేదు. కానీ ఇంటి అందరి సొత్తు ఒకరి తాళం కింద ఉండకూడదని ఆ రోజు మా అందరికీ తెలిసింది.

కొడుకు సెలవుకు వచ్చినప్పుడు అందరం కూర్చొని సరిచేసినాము. ఎట్లా చేసినామో చెబుతాము, మీకూ పనికొస్తుంది.

విండోస్‌లో సి డ్రైవ్, యూజర్స్, పబ్లిక్ అని పోతే పబ్లిక్ మ్యూజిక్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ కంప్యూటర్‌లో అకౌంట్ ఉన్న అందరికీ అది తెరుచుకుంటుంది. ప్రతి ఒక్కరూ తమ పాటలను దాంట్లోకి కాపీ చేసినారు. మిగతా ముగ్గురి అకౌంట్లలో పాట మోగుతున్నదా అని చూసుకున్న తర్వాతే పాత కాపీలు తీసేసినాము. ఈ వరస తప్పకండి.

తర్వాత ఎవరి అకౌంట్‌లో వాళ్లు పాటల ప్రోగ్రామ్‌కు ఆ ఫోల్డర్ చూపించాలి. కోడలు ఐట్యూన్స్ వాడుతుంది. దాని సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట, చేర్చిన ప్రతి పాటనూ తన సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకునే గుర్తు ఒకటి ఉంటుంది. అది తీసేయాలి. లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక్కడ అర్థం చేసుకోవలసింది ఒకటే. సరుకు వేరు, రిజిస్టర్ వేరు. రైల్వేలో పనిచేసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. గోడౌన్ ఒకటే, రిజిస్టర్లు మాత్రం ఎవరివి వాళ్లవి. మనవరాలి లిస్టులో సినిమా పాటలు, మా ఇంటావిడ లిస్టులో శుక్రవారం పాటలు. ఒకరి లిస్టు ఇంకొకరికి అడ్డం రాదు. కానీ గోడౌన్‌లో సరుకు తీసేస్తే అందరికీ పోయినట్టే. ఫైలు పేరు మార్చినా, మిగతావాళ్ల లిస్టులో ఆ పాట దొరకకుండా పోవచ్చు. అందుకని మా ఇంట్లో ఒక కట్టు పెట్టుకున్నాము: చేర్చడం ఎవరైనా చేయవచ్చు, తీయడం, పేరు మార్చడం మాత్రం నలుగురినీ అడిగి.

పేర్ల దగ్గర పెద్ద వాదమే జరిగింది. మనవరాలికి తమిళం, ఇంగ్లీషు వస్తాయి, తెలుగు చదవడం రాదు. తమిళంలో రాద్దాం అన్నది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. గీత అని రాసినా కీత అని రాసినా ఒకటే. తెలియనివాళ్లు ఎట్లా పలుకుతారు? చివరికి ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, లోపల కనిపించే పాట పేరు తెలుగులో పెట్టినాము. మొదట్లో ఆ పిల్ల విసుక్కున్నది. కానీ పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, మోగేటప్పుడు తెర మీద పేరు చూసి ఇది "మ", ఇది "ల" అని తానే కనిపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు కొన్ని పేర్లు పాట పెట్టకముందే చదువుతుంది. మేము పలక పెట్టి కూర్చోబెట్టిన రోజుల్లో ఇంత నేర్చుకోలేదు.

ఇంకో రెండు మాటలు. అందరికీ కనిపించే ఫోల్డర్ వేరే, భద్రం చేసిన కాపీ వేరే. డిస్క్ చెడిపోతే పబ్లిక్ ఫోల్డరూ పోతుంది. బయటి డిస్క్‌లో ఒక కాపీ తీసి మా అక్క ఇంట్లో పెట్టినాము. ఇప్పుడు అమ్మ పాట ఆమె ఇంట్లో కూడా మోగుతుంది. రెండోది, కొనుక్కున్న సినిమా పాటలు మన ఇంటి వరకే, వాటిని సంఘం గ్రూపులో పంచడం సరి కాదు. మన పెద్దవాళ్లు పాడినవి మనవి, వాళ్ల ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే అందరం పంచుకోవచ్చు.

మీ ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే దయచేసి ఈ నెలలోనే తీయండి. టేపు బూజు పడుతుంది, సాగుతుంది. ఒక 60 నిమిషాల క్యాసెట్ ఎక్కించడానికి 60 నిమిషాలూ పడుతుంది, తొందర చేయడానికి లేదు. ఆడాసిటీ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో చేయవచ్చు. ఎక్కించినాక పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడే పాట అనేది తెలుగులో రాసి పెట్టండి. టేప్ రికార్డర్ లేనివాళ్లు చెప్పండి, మాది ఇంకా పనిచేస్తున్నది, వచ్చే కూటానికి తీసుకొస్తాము.